కంప్యూటర్ చెప్పింది కదా, ఇంకేం కావాలి?

మన సాఫ్ట్‌వేర్ జనం నోట రోజూ వినిపించే మాటల్లో నాకు అన్నిటికంటే భయం వేసే మాట ఒకటుంది. "అది కంప్యూటర్ చూసుకుంటుంది లే బ్రో". ఆఫీసులో ఈ మాట అంటే మహా అయితే ఒక బిల్డ్ పోతుంది, ఒక శనివారం పోతుంది. నీళ్ళ కింద నలభై మీటర్ల లోతులో అంటే నడుము కింద చచ్చుబడిపోవచ్చు, మనిషే పోవచ్చు. ఈ టపా ఆ రెండో దాని గురించి.

గత కొన్నేళ్ళుగా మనవాళ్ళకి స్కూబా పిచ్చి బాగా పట్టింది. ఒకప్పుడు లాంగ్ వీకెండ్ అంటే గోవా. ఇప్పుడు అండమాన్, నేత్రాణి, పుదుచ్చేరి, మన విశాఖలో రుషికొండ. మంచిదే. నేనూ ఆ బాపతే. ఓపెన్ వాటర్, ఆ తర్వాత అడ్వాన్స్‌డ్ కోర్సు చేశాను. డికంప్రెషన్ డైవర్ని కాను, అయిపోవాలన్న తొందర కూడా లేదు. మాది సిద్దిపేట దగ్గర ఇబ్రహీంపూర్. చెరువు నిండితే పండగ చేసుకునే ఊరు. "బాయిల నీళ్ళు సూసుకుంటె సాలు బిడ్డా, సముద్రంల నీకేం పని" అంటుంది మా పెద్దమ్మ. ఆమెకి నా దగ్గర ఇప్పటికీ సరైన సమాధానం లేదు :)

ఇంతకీ సంగతేంటంటే, డైవింగ్ నేర్చుకున్న మనవాళ్ళలో కొంతమంది ముందు కొనేది డైవ్ కంప్యూటర్. తప్పు లేదు, కొనాల్సిందే. కానీ కొన్నాక మొదలయ్యే వాదన చూడండి. "ఇందులో డెకో మోడ్ ఉంది. ఎంత లోతులో ఎన్ని నిమిషాలు ఆగాలో అదే చెప్తుంది. ఇక ఆ టెక్నికల్ కోర్సుకి అంత డబ్బు తగలెయ్యడం దేనికి?" ఇది నేను ఒకరి దగ్గర కాదు, ముగ్గురి దగ్గర విన్నాను. ముగ్గురూ ఇంజనీర్లే. ముగ్గురూ ప్రొడక్షన్ సిస్టమ్స్‌తో పనిచేసేవాళ్ళే. మానిటరింగ్ డాష్‌బోర్డు మొత్తం పచ్చగా ఉండగా సర్వర్ చచ్చిపోవడం కళ్ళారా చూసినవాళ్ళే. అదీ నా బాధ.

ముందు విషయం తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు.

నీళ్ళలో ప్రతి పది మీటర్లకీ ఒక బార్ ఒత్తిడి పెరుగుతుంది. నలభై మీటర్ల దగ్గర అయిదు బార్లు. ఆ ఒత్తిడిలో పీల్చిన గాలిలోని నైట్రోజన్ రక్తంలో, కండరాల్లో, కొవ్వులో కరుగుతూ పోతుంది. లోతు పెరిగేకొద్దీ, సమయం పెరిగేకొద్దీ ఎక్కువ కరుగుతుంది. గోలీ సోడా గుర్తుందా? గోలీ బిగిసి ఉన్నంతసేపూ సీసాలో నీళ్ళు నిశ్చలంగా ఉంటాయి. గోలీ కొట్టగానే బుస్సుమని పొంగుతుంది. మనిషి గబుక్కున పైకొస్తే లోపల జరిగేది దాదాపు అదే. బుడగలు కీళ్ళలో వస్తే నొప్పి, వెన్నుపాములో వస్తే పక్షవాతం. అందుకే మెల్లగా రావాలి. ఒక హద్దు లోపల ఉన్నంతవరకూ నేరుగా, కానీ నెమ్మదిగా పైకి రావచ్చు. గాలితో అయితే 30 మీటర్ల దగ్గర ఆ హద్దు సుమారు 20 నిమిషాలు. దీన్నే ఎన్‌డీఎల్ అంటారు. ఆ హద్దు దాటితే మధ్యలో ఆగి ఆగి రావాల్సిందే. అదే డికంప్రెషన్ డైవింగ్. అప్పుడు మీ తల మీద కనిపించని ఒక పైకప్పు ఉన్నట్టు. ఊపిరాడకపోయినా, భయమేసినా, అద్దంలోకి నీళ్ళొచ్చినా పైకి పరిగెత్తే వీలు లేదు.

ఇప్పుడు ఆ చేతికి కట్టుకునే డబ్బా సంగతి. అందులో ఉండేవి ఒక ప్రెషర్ సెన్సర్, ఒక గడియారం, ఒక లెక్క. అంతే! మీ రక్తంలో నైట్రోజన్ ఎంతుందో అది కొలవదు. కొలవలేదు. ఇంత లోతులో ఇంతసేపు ఉన్నావు కాబట్టి నీ ఒంట్లో ఇంత ఉండొచ్చు అని ఊహిస్తుంది. ఈ ఊహకి మూలం 1908లో హాల్డేన్, ఆయన సహచరులు బ్రిటిష్ నేవీ కోసం మేకల మీద చేసిన ప్రయోగాలు. తర్వాత జ్యూరిచ్‌లో బ్యూల్‌మన్ అనే డాక్టర్ దాన్ని పదహారు కంపార్ట్‌మెంట్లకి పెంచాడు. ఈరోజు చాలా కంప్యూటర్లలో నడిచేది ఆయన లెక్కే. కంపార్ట్‌మెంట్ అంటే కిడ్నీ, కాలేయం అనుకునేరు. కాదు. సమీకరణాల్లో ఊహించుకున్న పదహారు డబ్బాలు. ఒకటి నాలుగైదు నిమిషాల్లో సగం నిండేది, చివరిది సగం నిండడానికి 635 నిమిషాలు పట్టేది. మీరు ఒక డేటా స్ట్రక్చర్. మీ పేరు కూడా దానికి తెలియదు.

దానికి తెలియనివి ఇంకా ఉన్నాయి. రాత్రి మీరు ఎంత నిద్రపోయారో, ఎంత తాగారో, బోటు మీద వాంతులు చేసుకుని ఒంట్లో నీళ్ళు ఎంత పోగొట్టుకున్నారో తెలియదు. ప్రవాహానికి ఎదురీది ఎంత కష్టపడ్డారో, చలికి వణుకుతున్నారో లేదో తెలియదు. గుండె పై గదుల మధ్య పుట్టుకతో ఉండే చిన్న సందు నలుగురిలో ఒకరికి మూసుకోకుండా మిగిలిపోతుంది. మీకుందో లేదో బహుశా మీకే తెలియదు, దానికేం తెలుస్తుంది? కంప్యూటర్ చెప్పిన హద్దులన్నీ తు.చ. తప్పకుండా పాటించినా డికంప్రెషన్ జబ్బు వచ్చినవాళ్ళు ఉన్నారు.

"అదంతా సరేలే, లెక్కయినా కరెక్టుగా చేస్తుంది కదా" అంటారా? ఇక్కడ మనలాంటివాళ్ళకి నచ్చే కథ ఒకటుంది.

యువాటెక్ అనే కంపెనీ 1995 ప్రాంతంలో అలాదిన్ ఎయిర్ ఎక్స్ నైట్రాక్స్ అని ఒక డైవ్ కంప్యూటర్ చేసింది. నైట్రాక్స్ అంటే ఆక్సిజన్ పాలు పెంచి, నైట్రోజన్ పాలు తగ్గించిన గాలి. డైవర్ పైకొచ్చి బోటెక్కాక పీల్చేది మామూలు గాలే కదా. ఈ కంప్యూటర్ మాత్రం బోటు మీద కూడా అతను నైట్రాక్సే పీలుస్తున్నాడని అనుకుని లెక్కేసేది. ఫలితం? ఒంట్లోంచి నైట్రోజన్ నిజంగా పోయేదాని కంటే వేగంగా పోయిందని చూపించేది. రెండో డైవ్‌కి "ఇంకా చాలా టైముంది, దిగు" అనేది. స్టేట్ మారినప్పుడు ఒక వేరియబుల్ రీసెట్ చేయలేదు, అంతే. మనం వారానికి రెండు రాసే బగ్. దీన్ని అమెరికాలో వెనక్కి పిలిచింది ఎప్పుడు? 2003లో. ఈ మధ్యలో ఎన్ని చేతులకి అది కట్టుకుని ఉందో ఆలోచించండి. కంపెనీలో వాళ్ళకి ముందే తెలుసన్న ఆరోపణల మీద కోర్టు కేసులు కూడా నడిచాయి.

అది పాతకాలం అంటారేమో. 2018లో సుంటో డైవ్ కంప్యూటర్ల డెప్త్ సెన్సర్లు తప్పు చూపిస్తున్నాయని అమెరికాలో పడ్డ క్లాస్ యాక్షన్ దావా రాజీకి వచ్చింది. లెక్క ఎంత గొప్పదైనా, దానికి వెళ్ళే లోతు అంకె తప్పయితే ఏం లాభం? చెత్త లోపలికెళ్తే చెత్తే బయటికొస్తుంది అని మొదటి సంవత్సరంలోనే చదువుకున్నాం కదా.

నేను కంప్యూటర్లు పారేయమనడం లేదు. ఆ మాట అనే పెద్దమనుషులు కూడా ఉన్నారు. "మా రోజుల్లో కాగితం మీద టేబుల్స్ చూసి దిగేవాళ్ళం, అదే అసలు డైవింగ్" అంటూ. వాళ్ళతోనూ నాకు పేచీయే. కాగితం టేబుల్ డైవ్ మొత్తం అత్యంత లోతులోనే గడిచిందని అనుకుంటుంది. కాస్త లోతుగా కాసేపు, పైన కాసేపు తిరిగే మామూలు డైవ్‌లో కంప్యూటర్ ప్రతి కొద్ది సెకన్లకీ లెక్క వేసుకుంటుంది, పైకి మరీ వేగంగా వస్తుంటే అరుస్తుంది. మనిషి నైట్రోజన్ మత్తులో తప్పు లెక్కేస్తాడు, అది వేయదు. కాబట్టి నా గొడవ పరికరంతో కాదు. దానికి మనం అప్పజెప్పే ఉద్యోగంతో.

మా వైపు పాత బాయిలో మోటరు తీయడానికో, పూడిక తీయడానికో దిగేముందు పెద్దవాళ్ళు ఒక దీపం కట్టి కిందికి వదిలేవాళ్ళు. దీపం ఆరిపోతే లోపల గాలి లేదని అర్థం, దిగరు. ఇక్కడ తర్కం గమనించండి. దీపం ఆరితే దిగొద్దు. అంతేగానీ, దీపం వెలుగుతోంది కాబట్టి నిశ్చింతగా దిగు అని కాదు. దీపం ఆర్పని విషవాయువులూ ఉంటాయి. అందుకే దీపం వెలుగుతున్నా దిగేవాడి నడుముకి తాడు కడతారు, పైన ఇద్దరు నిలబడి మాట కలుపుతూ ఉంటారు. పరికరం ఇచ్చేది "వద్దు" అనే హెచ్చరిక. "పర్లేదు" అనే సర్టిఫికెట్ కాదు. ఎన్నడూ బడికి పోని మనుషులకి తెలిసిన ఈ తేడా, బీటెక్ చదివిన మనకి తెలియకపోతే ఎట్లా?

ఇక డెకో విషయంలో కంప్యూటర్ చేసే అతి పెద్ద మోసం ఏంటో చెప్తాను. మోసం అనకూడదేమో, అది అడగని ప్రశ్న. అది మిమ్మల్ని "మూడు మీటర్ల దగ్గర ఇన్ని నిమిషాలు ఆగు" అంటుంది. ఆ ఇన్ని నిమిషాలకి సరిపడా గాలి మీ దగ్గర ఉందా అని చాలా కంప్యూటర్లు అడగవు.

లెక్క వేద్దాం. పైన నిమిషానికి 20 లీటర్ల గాలి పీల్చే మనిషి నలభై మీటర్ల దగ్గర అయిదింతలు, అంటే 100 లీటర్లు పీలుస్తాడు. 11 లీటర్ల అల్యూమినియం సిలిండర్ 200 బార్ నింపితే ఉండేది 2200 లీటర్లు. ఇరవై నిమిషాలు కింద ఉంటే 2000 అయిపోయాయి. మిగిలింది 200. నిమిషానికి పది మీటర్ల వేగంతో ఆరు మీటర్ల దాకా రావడానికి మూడున్నర నిమిషాలు, సగటు ఒత్తిడి మూడు బార్ల పైన, కాబట్టి సుమారు 225 లీటర్లు కావాలి. అంటే మొదటి స్టాప్ చేరకముందే సిలిండర్ ఖాళీ! స్క్రీన్ మీద మాత్రం స్టాప్ టైము నింపాదిగా కనిపిస్తూనే ఉంటుంది. ఇది కూడా ప్రశాంతంగా ఉన్న మనిషి లెక్క. భయపడ్డవాడు రెండింతలు పీలుస్తాడు. పక్కవాడి గాలి అయిపోతే ఇద్దరూ ఒకే సిలిండర్ మీద రావాలి. సిలిండర్ ప్రెషర్ చూపించే కంప్యూటర్లు ఉన్నాయి, నిజమే. అవి మీ ఒక్కరి సిలిండర్, మీ ఇప్పటి శ్వాస చూసి చెప్తాయి. మీ స్నేహితుడి భయాన్ని లెక్కలో వేసుకోవు.

అందుకే డెకో కోర్సులో నేర్పేది బటన్లు నొక్కడం కాదు. గాలి లెక్క, రెండో సిలిండర్, అదనపు రెగ్యులేటర్, స్టాప్ దగ్గర కదలకుండా నిలబడడం, అద్దం ఊడిపోయినా పైకి పరిగెత్తకుండా ఉండడం. ఆ కోర్సు దండగ అన్నవాడికి ఇవేవీ కంప్యూటర్ మెనూలో దొరకవు.

మన దగ్గర ఈ విషయం ఎంత తక్కువ తెలుసో 2019లో చూశాం. సెప్టెంబర్ 15న దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర గోదావరిలో రాయల్ వశిష్ఠ బోటు మునిగింది. పడవ ఉన్న లోతు రెండొందల అడుగుల నుంచి మూడొందల అడుగుల దాకా అని వార్తల్లో రకరకాలుగా వచ్చింది. అప్పుడు నలుగురు కూడిన చోటల్లా వినబడిన ప్రశ్న: "నేవీ వాళ్ళున్నారు, అన్ని పరికరాలున్నాయి, దిగి తీయలేరా?" అయినవాళ్ళని పోగొట్టుకున్నవాళ్ళు అడిగితే అర్థం ఉంది. ఇంజనీర్లమై ఉండి మనం కూడా అదే అడిగాం.

లెక్క చూడండి. తక్కువ అంచనాతో 65 మీటర్లు అనుకుందాం. ఒత్తిడి ఏడున్నర బార్లు. మామూలు గాలిలోని ఆక్సిజనే అక్కడ విషంగా మారే అంచుకి వస్తుంది, నైట్రోజన్ మత్తు తల తిప్పేస్తుంది. అక్కడ ఇరవై నిమిషాలు పనిచేస్తే, పైకి రావడానికి అంతకి రెండు మూడింతల సమయం ఆగి ఆగి రావాలి. ఎక్కడ ఆగుతాడు? వరద గోదావరిలో, కన్ను పొడుచుకున్నా కనిపించని బురద నీళ్ళలో, మనిషిని లాక్కుపోయే ప్రవాహంలో, ఒక తాడు పట్టుకుని గంటసేపు? ప్రపంచంలోని అన్ని డైవ్ కంప్యూటర్లూ కలిపి కట్టినా ఆ ప్రవాహాన్ని ఆపలేవు. చివరికి కాకినాడకి చెందిన ధర్మాడి సత్యం బృందం లంగర్లతో, ఇనుప తాళ్ళతో, నది స్వభావం తెలిసిన ఓపికతో అయిదు వారాల తర్వాత, అక్టోబర్ 22న పడవని బయటికి తీసింది. ఆఖర్లో విశాఖ నుంచి వచ్చిన ప్రైవేటు డైవర్లు కూడా దిగారు. పరికరం ముందు, మనిషి తర్వాత అనుకునేవాళ్ళకి ఇంతకంటే పెద్ద పాఠం ఏముంటుంది?

ఇంకోవైపు, 2025 జూలై 18న విశాఖలో నేవీలో చేరిన ఐఎన్ఎస్ నిస్తార్ సంగతి చూడండి. హిందుస్తాన్ షిప్‌యార్డులో కట్టిన డైవింగ్ సపోర్ట్ నౌక. 300 మీటర్ల దాకా సాచురేషన్ డైవింగ్ చేయించగలదు. దాని కోసం ఒక ఓడ మొత్తం, ఛాంబర్లు, పైన నిలబడి కనిపెట్టుకుని ఉండే సిబ్బంది కావాల్సి వచ్చింది. లోతుకి వెళ్ళడం నిజంగా వృత్తిగా ఉన్నవాళ్ళు ఒక్క వాచీని నమ్ముకుని దిగరు. వాచీని నమ్ముకుని దిగేది మనమే.

వాచీ అంటే గుర్తొచ్చింది. 2022లో ఆపిల్ వాచ్ అల్ట్రా వచ్చాక మన ఆఫీసుల్లో డైవర్లు పెరగకపోయినా డైవ్ కంప్యూటర్లు పెరిగాయి :) బాబూ, అది 40 మీటర్ల లోపు వినోద డైవింగ్ కోసం అని వాళ్ళే చెప్తున్నారు. డెకో డైవ్‌లకి కాదు. షరతులు చదవకుండా "ఐ అగ్రీ" నొక్కే జాతి మనది. ఇక్కడ ఆ అలవాటు మానుకోండి.

సరే, తిట్టడం అయింది. వాడేవాళ్ళు ఎట్లా వాడాలో కూడా రాస్తాను. ఇవి నేను కనిపెట్టినవి కావు, ఈ రంగంలో పెద్దలందరూ చెప్పేవే. శిక్షణకి ఇవి ప్రత్యామ్నాయం అనుకుంటే మాత్రం పైన రాసిందంతా వృథా.

ఒకటి. మాన్యువల్ ఒడ్డు మీద చదవండి. ఎన్‌డీఎల్ సున్నా అయ్యాక స్క్రీన్ ఎలా మారుతుంది, పైకప్పు లోతు ఎక్కడ చూపిస్తుంది, పైకి రావడానికి పట్టే మొత్తం సమయం ఏ మూల ఉంటుంది, స్టాప్ తప్పితే అది ఏం చేస్తుంది. ఇవి నీళ్ళలో మొదటిసారి చూడాల్సినవి కావు.

రెండు. ముందు ప్లాన్, తర్వాత కంప్యూటర్. ఎంత లోతు, ఎంతసేపు, ఎక్కడెక్కడ ఆగాలి, ఎంత గాలి కావాలి, అన్నీ ముందే లెక్కేసుకుని స్లేటు మీద రాసుకోవాలి. మూడు మీటర్లు లోతు ఎక్కువైతే, అయిదు నిమిషాలు ఆలస్యమైతే ఏం చేయాలో కూడా రాసుకోవాలి. కంప్యూటర్ చూపించే అంకె మీరు అనుకున్నదానికి దగ్గరగా ఉంటే మంచిది. ఆశ్చర్యపరిస్తే ఎక్కడో తేడా ఉన్నట్టే.

మూడు. డెకో డైవ్‌కి రెండు కంప్యూటర్లు. ఒకే లెక్క, ఒకే సెట్టింగులు. రెండూ వేర్వేరు చెప్తే ఎక్కువసేపు ఆగమన్నదాని మాట వినండి. ఒకటి చచ్చిపోతే డైవ్ అయిపోయినట్టే, రెండోదాన్ని చూసుకుంటూ పైకి రావడమే. రెండూ పోతే స్లేటు, మామూలు వాచీ, డెప్త్ గేజ్. సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ గురించి మీకు నేను చెప్పాలా?

నాలుగు. ఒక మనిషికి ఒక కంప్యూటర్. పొద్దున డైవ్‌కి నాది, మధ్యాహ్నం డైవ్‌కి నీది అని మార్చుకోవద్దు. పొద్దున మీ ఒంట్లో చేరిన నైట్రోజన్ సంగతి వాడి కంప్యూటర్‌కి తెలియదు. ఇద్దరూ పక్కపక్కనే ఈదినా ఇద్దరి లెక్క ఒకటి కాదు.

అయిదు. సిలిండర్‌లో ఏముందో స్వయంగా ఎనలైజర్‌తో కొలిచి, ఆ అంకె కంప్యూటర్‌లో పెట్టండి. డెకోకి 50 శాతం ఆక్సిజన్ వాడితే 21 మీటర్ల పైనే, శుద్ధ ఆక్సిజన్ అయితే 6 మీటర్ల పైనే. అంతకంటే లోతులో అది మూర్ఛ తెప్పించే విషం. గ్యాస్ మార్చినట్టు కంప్యూటర్‌లో నొక్కి, నోట్లో రెగ్యులేటర్ మార్చకపోతే? అది మీరు పీల్చని గాలికి లెక్క వేస్తూ పోతుంది. యువాటెక్ బగ్‌ని మీ చేత్తో మీరే మళ్ళీ రాసుకున్నట్టు.

ఆరు. స్టాప్ తప్పిస్తే చాలా కంప్యూటర్లు ఒకటి రెండు రోజులు లాక్ అయిపోతాయి. కోపమొచ్చి ఇంకో కంప్యూటర్ అద్దెకి తీసుకుని దిగే మహానుభావులు ఉన్నారు. ఆ లాక్ కంప్యూటర్‌కి కాదు నాయనా, నీకు.

ఏడు. ఎత్తు. మామూలు టేబుల్స్ సముద్రమట్టానికి లెక్కేసినవి. 300 మీటర్లు దాటిన చోట డైవ్ చేస్తే దాన్ని ఎత్తు డైవింగ్ కింద లెక్కేస్తారు. మన సిద్దిపేట, హైదరాబాద్ దాదాపు అయిదొందల మీటర్ల ఎత్తులో ఉన్నాయి. క్వారీలోనో చెరువులోనో ప్రాక్టీస్ చేద్దాం అనుకునేవాళ్ళు కంప్యూటర్‌లో ఆ సెట్టింగ్ చూసుకోండి.

ఎనిమిదోది మన ఐటీ వాళ్ళకి ప్రత్యేకం. ఫ్లైటు. విమానంలో ఒత్తిడి దాదాపు 2400 మీటర్ల కొండ మీద ఉన్నట్టు ఉండొచ్చు. అంటే గోలీ సోడా మూత ఇంకాస్త తీసినట్టు. డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ 2002 నుంచీ చెప్తున్న మాట: డెకో లేని ఒక్క డైవ్ తర్వాత కనీసం 12 గంటలు, వరస డైవ్‌ల తర్వాత కనీసం 18 గంటలు, డెకో డైవ్ తర్వాత 18 కంటే బాగా ఎక్కువ. 24 గంటలు ఆగడం వివేకం. మనవాళ్ళేం చేస్తారు? ఆదివారం పొద్దున డైవ్, సాయంత్రం ఫ్లైట్, సోమవారం తొమ్మిదిన్నరకి స్టాండప్ కాల్. కొండలకీ ఇదే సూత్రం. ఆ జాగ్రత్త 600 మీటర్లు దాటిన ఎత్తు నుంచీ వర్తిస్తుంది. అరకు దాదాపు తొమ్మిదొందల మీటర్లు. పొద్దున రుషికొండలో డైవ్, మధ్యాహ్నం ఘాట్ రోడ్డు మీద అరకు, బొంగులో చికెన్! ఈ ప్లాన్ వేసేముందు వరస తిరగేయండి. అరకు ముందు, సముద్రం తర్వాత.

చివరిది. పైకొచ్చాక కీళ్ళ నొప్పి, తిమ్మిరి, చర్మం మీద మచ్చలు, అంతుపట్టని నీరసం ఉంటే "నిద్ర చాల్లేదు" అని సర్ది చెప్పుకోవద్దు. పడుకోబెట్టి వంద శాతం ఆక్సిజన్ ఇచ్చి, డైవింగ్ వైద్యం తెలిసిన డాక్టర్ని పట్టుకోవాలి. మళ్ళీ నీళ్ళలోకి దిగి సరిచేసుకుందాం అనుకోవద్దు. దగ్గర్లో రీకంప్రెషన్ ఛాంబర్ ఎక్కడుంది, ఎవరికి ఫోన్ చేయాలి అన్నది బోటెక్కకముందే అడగండి. డైవ్ షాపు వాడు నీళ్ళు నమిలితే ఆ బోటు ఎక్కకండి. బోటు మీద ఆక్సిజన్ కిట్ లేకపోయినా అంతే.

"ఊరికే భయపెడుతున్నావు, లక్షలమంది దిగుతున్నారు, ఏమైంది?" అనేవాళ్ళు తప్పకుండా ఉంటారు. హద్దుల్లో, శిక్షణతో దిగేవాళ్ళకి ఇది నిజంగానే పెద్ద ప్రమాదం లేని సరదా. నేనూ వెళ్తూనే ఉన్నాను, ఇకముందూ వెళ్తాను. నా గొడవ ఎన్‌డీఎల్ సున్నా అయ్యాక కూడా "ఇంకేం ఫర్లేదు, కంప్యూటర్ ఉంది" అనే ఆ ఒక్క అడుగు గురించి. అక్కడితో ఆట నియమాలు మారిపోతాయి. అప్పటిదాకా కంప్యూటర్ మీకు సమాచారం ఇచ్చింది, తప్పయితే పైకి రావచ్చు. ఆ తర్వాత దాని అంచనా మీద మీ ప్రాణం ఆధారపడింది, తప్పయినా పైకి రాలేరు.

మా ఊరి గురించి ఒక్క మాట చెప్పి ముగిస్తాను. 2016 డిసెంబర్లో, నోట్ల రద్దు తర్వాత, ఇబ్రహీంపూర్‌ని నగదు రహిత గ్రామం అన్నారు. దక్షిణ భారతంలోనే మొదటిదని పేపర్లలో వచ్చింది. ఇంటింటికీ కార్డులు, కొట్టుల్లో స్వైప్ మిషన్లు. మా ఊరోళ్ళు మిషన్ని చూసి పారిపోలేదు, నేర్చుకున్నారు. కానీ ఒక్క సేటు కూడా ఉద్దెర పుస్తకం పొయ్యిలో పెట్టలేదు. సిగ్నల్ లేని రోజున సరుకు ఆగొద్దు కదా! మిషన్‌ని వాడుకోవడం వేరు, మిషన్ మీద పూర్తిగా వాలిపోవడం వేరు అని వాళ్ళకి ఎవరూ ట్రైనింగ్ ఇవ్వలేదు.

కిరాణా కొట్టులో సరుకు కోసం ఉంచుకున్న బ్యాకప్, ప్రాణం కోసం మనం ఉంచుకోమా? ఈసారి ఎవరైనా "డెకో మోడ్ ఉంది కదా, కోర్సెందుకు" అంటే వాళ్ళని ఒకే ప్రశ్న అడగండి. ఇప్పుడు, ఈ నిమిషాన, నలభై మీటర్ల దగ్గర ఆ స్క్రీన్ ఆరిపోతే నువ్వేం చేస్తావు? జవాబు చెప్పడానికి ఒక్క క్షణం తడబడినా, వాళ్ళు ఇంకా దిగకూడదు. ఏమంటారు?